1899లో సేడీ ఆడ్లర్ ఉండగలదా? కౌబాయ్ ఆటల్లో స్త్రీలు, అసలు చరిత్ర

నీలిమేఘం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చాలాకాలంగా చదువుతున్నానే గానీ ఇంతవరకు ఏ చర్చా మొదలుపెట్టలేదు. పోయిన వేసవి సెలవుల్లో మా తమ్ముడితో కలిసి రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 మొదటినుంచి చివరిదాకా ఆడాను. ఆట వచ్చింది 2018లో, కథ జరిగేది 1899లో. అందులో ఒక ఘట్టం నా మనసులో పడిపోయింది.

చెరువు గట్టున దొంగల ముఠా దిగిన శిబిరం. అక్కడ సేడీ ఆడ్లర్ అనే యువతి బల్ల ముందు నిలబడి కూరగాయలు తరుగుతూ ఉంటుంది. కొన్ని వారాల క్రితమే ఆమె భర్తను ఇంకో ముఠావాళ్లు చంపేశారు, ఇల్లు తగలబడిపోయింది, వెళ్లడానికి చోటు లేక వీళ్ల దగ్గర ఉంటోంది. వంటవాడు పియర్సన్ ఏదో అంటాడు. ఆమె తరుగుతున్న కత్తినే అతని వైపు తిప్పుతుంది. కథానాయకుడు ఆర్థర్ మోర్గాన్ మధ్యలోకి వచ్చి, సర్ది చెప్పి, సరుకుల కోసం పక్క ఊరికి బండిలో తీసుకువెళతాడు. గౌనుతో దుకాణంలోకి వెళ్లిన మనిషి చొక్కా, ప్యాంటు వేసుకుని బయటికి వస్తుంది. తిరుగు దారిలో దాడి జరిగితే తుపాకీ తీసి అతనితో సమానంగా పోరాడుతుంది. ఆ ఘట్టానికి ఆట పెట్టిన పేరుకు తెలుగులో "స్త్రీల ఓటు హక్కు గురించి మరికొన్ని ప్రశ్నలు" అని అర్థం చెప్పుకోవచ్చు.

మా తమ్ముడి స్నేహితుడు ఆ రోజు పక్కనే ఉన్నాడు. "ఇదంతా ఈ కాలంవాళ్లను మెప్పించడానికి పెట్టినది, చరిత్రలో ఇలాంటి ఆడవాళ్లు లేరు" అని తేల్చేశాడు. నాకు కోపం వచ్చింది కానీ, సమాధానం చెప్పడానికి నా దగ్గర ఒక్క పేరు, ఒక్క సంవత్సరం కూడా లేకపోయింది. ఇక్కడ అమెరికా చరిత్ర చదివినవారు, అక్కడ నివసిస్తున్నవారు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. 1899లో అటువంటి స్త్రీ ఉండగలదా? ఉండలేదంటే, ఆ మాట ఏ ఆధారంతో అంటున్నాం?

కోటగుమ్మం

నీలిమేఘం గారూ, మంచి ప్రశ్న వేశారు. మీకు నచ్చకపోయినా నా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాను. ఈ ఆట తయారుచేసినవాళ్లు గుర్రం జీను దగ్గరనుంచి దుకాణంలోని సరుకుల పట్టిక దాకా ప్రతి వస్తువునూ ఆ కాలానికి తగినట్టు చూపించడానికి విపరీతంగా కష్టపడ్డారు. అంత పట్టింపు ఉన్నచోట మనుషుల విషయంలో కూడా అదే నియమం ఉండాలని నేను ఆశించడం తప్పు కాదనుకుంటాను. ఆ కాలంలో తుపాకీ పేల్చడం వచ్చిన స్త్రీలు ఉండేవారంటే నమ్ముతాను. ఒంటరిగా పొలంలో బతికే ఇంట్లో అది తప్పనిసరి. కానీ ఒక స్త్రీ దొంగల ముఠాలో ముందు నిలిచి పదులకొద్దీ మగవాళ్లను చంపి, చివరి భాగంలో, అంటే 1907 నాటికి, నేరస్తులను పట్టించి బహుమతి సొమ్ము తీసుకునే వృత్తిలో స్థిరపడిపోవడం నాకు కల్పనగానే కనిపిస్తోంది. కల్పన ఉండకూడదని నేను అనడం లేదు. దాన్ని చరిత్ర అని మాత్రం పిలవకూడదు.

పాతఅల్మరా

కోటగుమ్మం గారి మాటలో న్యాయం ఉంది. అయితే ఆ నియమాన్ని సేడీ ఒక్కదానికే ఎందుకు వర్తింపజేయాలి అన్నది నా సందేహం. ముందు పేర్లు, సంవత్సరాలు ఇస్తాను. నీలిమేఘం గారికి కావలసినవి అవే.

ఆట జరిగే 1899లోనే, మే 30న, అరిజోనా టెరిటరీలో (అప్పటికి ఇంకా రాష్ట్రం కాని ప్రాంతం) గ్లోబ్ నుంచి ఫ్లోరెన్స్ వెళుతున్న గుర్రబ్బండిని ఇద్దరు ఆపి దోచుకున్నారు. ఒకడు జో బూట్. రెండోవారు మగ దుస్తులు వేసుకుని, జుట్టు కత్తిరించుకున్న స్త్రీ, పేరు పెర్ల్ హార్ట్. నాలుగు వందల డాలర్లకు పైగా చేతికి వచ్చాయి. దోచుకున్న తరువాత ప్రయాణికులకు తలా ఒక డాలరు తిరిగి ఇచ్చిందని చెబుతారు. కొద్ది రోజుల్లోనే ఇద్దరూ పట్టుబడ్డారు. మొదటి విచారణలో జ్యూరీ ఆమెను నిర్దోషిగా వదిలేసింది. న్యాయమూర్తి ఆగ్రహించి, మరో నేరం మీద మళ్లీ విచారణ జరిపిస్తే అయిదేళ్ల శిక్ష పడింది. స్త్రీలకు ఏ పాత్రా లేకుండా చేసిన చట్టం కింద తనను విచారించడానికి ఒప్పుకోనని ఆమె అన్నట్టు ఆనాటి కథనాలు చెబుతాయి. 1902 డిసెంబరులో క్షమాభిక్షతో విడుదలైంది.

ముఠాలో స్త్రీ అంటారా, బుచ్ కాసిడీ ముఠా వైల్డ్ బంచ్‌తో తిరిగిన లారా బులియన్ 1901 నవంబరులో సెయింట్ లూయిస్‌లో అరెస్టయినప్పుడు ఆమె దగ్గర మోంటానా రైలు దోపిడీలో పోయిన నోట్లు దొరికాయి. చట్టం వైపు చూస్తే, 1887లో అదే సెయింట్ లూయిస్‌లో ఫీబీ కజిన్స్ అనే న్యాయవాది తండ్రి చనిపోయాక ఆయన స్థానంలో కొద్దికాలం ఫెడరల్ మార్షల్‌గా, అంటే కోర్టు ఉత్తర్వులను అమలుచేసే కేంద్ర అధికారిగా, పనిచేసింది.

ఇక చావుల లెక్క. కాన్సస్‌లో పశువుల వ్యాపారంతో పేరుపొందిన అయిదు ఊళ్లలో, డాడ్జ్ సిటీతో సహా, 1870 నుంచి 1885 వరకు పదిహేనేళ్లలో జరిగిన హత్యలు మొత్తం 45 అని చరిత్రకారుడు రాబర్ట్ డిక్‌స్ట్రా లెక్క తేల్చాడు. ఊళ్లో తుపాకీ పట్టుకుని తిరగకూడదన్న నియమం డాడ్జ్ సిటీలోనూ ఉండేది, టూంబ్‌స్టోన్‌లోనూ ఉండేది. ఆర్థర్ మోర్గాన్ ఒక్క మధ్యాహ్నంలో ఆ 45ను దాటేస్తాడు. ఆ అసాధ్యాన్ని మనం ఆట స్వభావం అనుకుని ఒప్పుకుంటున్నాం. అదే చోట సేడీ పది గుళ్లు పేలిస్తే మాత్రం మనకు చరిత్ర గుర్తుకు వస్తోంది. ఎవరినీ నొప్పించాలని రాయడం లేదు. మొదటిసారి ఆడినప్పుడు నాకూ అలాగే అనిపించింది, అలా ఎందుకు అనిపించిందో వెతుకుతూ పోతే ఈ వివరాలన్నీ దొరికాయి.

ఎడారిగాలి

నేను అరిజోనాలో ఉంటున్నాను. పెర్ల్ హార్ట్‌ను ఉంచిన యూమా జైలు ఇప్పుడు మ్యూజియం. పిల్లలను తీసుకుని రెండేళ్ల క్రితం వెళ్లాం. కొలరాడో నది ఒడ్డున గుట్ట మీద ఉంటుంది. తలుపులకు ఊచలకు బదులు ఇనుప పట్టీలను అడ్డంగా, నిలువుగా అల్లి మేకులు దిగ్గొట్టారు. మే నెల ఎండలో ఆ పట్టీ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. అప్పటివరకు ఆట గురించే మాట్లాడుతున్న మా అమ్మాయి అక్కడ మాట్లాడడం మానేసింది.

1876 నుంచి 1909 వరకు అక్కడ ఉన్న ఖైదీలు 3,069 మంది అని, వారిలో 29 మంది స్త్రీలని రాసి ఉంటుంది. ఈ రెండు అంకెలనూ కలిపి చూడాలి. స్త్రీలు ఉన్నారు, అది నిజం. నూటికి ఒక్కరు కూడా లేరు, అదీ నిజం. కోటగుమ్మం గారి మాటా, పాతఅల్మరా గారి మాటా రెండూ ఆ గోడ మీదే కనిపించాయి నాకు.

ఇంకొక మాట. పెర్ల్ హార్ట్ ఫొటోలు కొన్ని చూస్తే చేతిలో తుపాకులు పట్టుకుని నిలబడి ఉంటుంది. పట్టుబడిన కొన్నాళ్లకే ఆమె పత్రికలకు ఎక్కింది. అంటే "తుపాకీ పట్టిన ఆడది" అన్న బొమ్మ మీద మోజు వీడియో గేములతో మొదలైంది కాదు, 1899 నాటి పాఠకుడికే అది కావాలి. మిగతా ఖైదీ స్త్రీల పేర్లు మనలో ఎవరికైనా తెలుసా? నాకూ తెలియవు. వాళ్ల ఫొటోలకు గిరాకీ లేదు.

వేపచెట్టు

ఆ ఘట్టం పేరులోనే స్త్రీల ఓటు హక్కు ఉంది కాబట్టి నేను అక్కడినుంచి మొదలుపెడతాను. ఎందుకంటే ఈ ఆటలో నాకు చరిత్రకు అన్నిటికన్నా దగ్గరగా కనిపించింది, ఆటగాళ్లకు అన్నిటికన్నా తక్కువ అర్థమైనది అదే.

చాలామంది ఓటు హక్కు ఉద్యమాన్ని తూర్పు తీరపు నగరాల వ్యవహారం అనుకుంటారు. జరిగింది తలకిందులు. 1869 డిసెంబరు 10న వయోమింగ్ టెరిటరీ స్త్రీలకు ఓటు హక్కు ఇచ్చింది. మరుసటి ఏడు సెప్టెంబరు 6న లారమీ అనే ఊళ్లో డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన లూయీసా స్వెయిన్ పొద్దున్నే రొట్టెల పిండి పులియబెట్టే ఈస్ట్ కోసం చిన్న డబ్బా పట్టుకుని బయలుదేరి, దారిలో ఆగి ఓటు వేసి ఇంటికి వెళ్లింది. ఆ ఏడే ఎస్తర్ మోరిస్ సౌత్ పాస్ సిటీలో మేజిస్ట్రేటు అయింది. కొలరాడోలో 1893లో జనం ఓటు వేసి స్త్రీలకు హక్కు ఇచ్చారు. యూటా, ఐడహో 1896లో చేరాయి. 1899 నాటికి స్త్రీలు పూర్తిగా ఓటు వేయగలిగిన రాష్ట్రాలు నాలుగు, నాలుగూ కౌబాయ్ సినిమాల నేల మీదివే. దేశమంతటికీ ఆ హక్కు వచ్చేసరికి 1920 అయింది. మొదటి రెడ్ డెడ్ రిడెంప్షన్ కథ జరిగే 1911లోనే కాలిఫోర్నియా స్త్రీలకు ఓటు వచ్చింది. ఆ ఆటలో దాని ఊసు నాకు కనిపించలేదు.

రెండో ఆటలో సెయింట్ డెనిస్ అనే నగరం ఉంది కదా, అది న్యూ ఆర్లీన్స్‌ను చూసి కట్టినది. అక్కడ వీధిలో ఒక స్త్రీ ఓటు కావాలని కేకలు వేస్తూ ఉంటుంది. అసలు న్యూ ఆర్లీన్స్‌లో సరిగ్గా 1899లో ఏం జరిగిందో తెలిస్తే ఆ పాత్ర పక్కనుంచి అంత తేలికగా గుర్రం తోలుకుని వెళ్లలేం. 1898 నాటి లూసియానా రాజ్యాంగం పన్ను కట్టే స్త్రీలకు పన్నుల ప్రతిపాదనల మీద మాత్రం ఓటు ఇచ్చింది. నగరంలో మురుగు కాలువలు లేవు, పచ్చజ్వరం మళ్లీ మళ్లీ వస్తోంది. కేట్ గోర్డన్ నాయకత్వంలో స్త్రీలు సంఘం కట్టి, ఇల్లిల్లూ తిరిగి, ఓటు వేసే చోటికి వెళ్లడానికి జంకిన గృహిణుల నుంచి రాతపూర్వకంగా అధికారం తీసుకుని వాళ్ల తరఫున కూడా ఓట్లు వేసి, 1899 జూన్‌లో నీటికీ మురుగు కాలువలకూ పన్ను వేయాలన్న ప్రతిపాదనను గెలిపించారు. తుపాకీ లేదు, గుర్రం లేదు. కాలువ కోసం ఓటు. ఎవరైనా ఒక ఆట అంతా దీని మీదే తయారుచేస్తే నేను మొదటిరోజే కొంటాను.

అయితే ఇందులో చేదు కూడా ఉంది. స్త్రీలకు ఆ కొంచెం హక్కు ఇచ్చిన అదే రాజ్యాంగం నల్లజాతివారి ఓటును ఊడ్చిపారేసింది. లక్షా ముప్పై వేలమంది ఉన్న నల్లజాతి ఓటర్ల జాబితా 1900 నాటికి సుమారు 5,300కు పడిపోయింది. కేట్ గోర్డన్ కూడా తెల్లవారి ఆధిపత్యాన్ని సమర్థించినవారే. ఓటు హక్కు కావాలన్న స్త్రీలందరూ ఒకే మనసు ఉన్నవారు కారు. ఆట ఇంత లోతుకు వెళ్లలేదు.

కోటగుమ్మం

వేపచెట్టు గారూ, న్యూ ఆర్లీన్స్ సంగతి నాకు తెలియదు. చెప్పినందుకు కృతజ్ఞతలు. పాతఅల్మరా గారు చావుల లెక్కతో అడిగిన ప్రశ్న కూడా సరైనదే, నా దగ్గర దానికి సమాధానం లేదు. నేను సేడీ విషయంలో కొలబద్ద మార్చాను, ఒప్పుకుంటున్నాను.

కానీ ఆ సెయింట్ డెనిస్ పాత్రను ఆట ఎలా వాడిందన్న దాని మీద నాకు ఒక బాధ ఉంది. 2018 నవంబరులో ఒక ఆటగాడు ఆమెను కొట్టడం, మొసళ్లకు వేయడం వీడియోలు తీసి పెట్టాడు. యూట్యూబ్ ముందు అతని ఛానెల్‌ను తీసేసి, తరువాత వెనక్కి ఇచ్చింది. ఆటలో ఎవరినైనా కొట్టవచ్చు కాబట్టి తప్పంతా తయారీదారులది అనలేను. అయితే ఆ పాత్రకు ఇల్లు లేదు, కథ లేదు, ఒకే చోట నిలబడి విసుగు పుట్టేలా అవే మాటలు గట్టిగా అరవడం తప్ప వేరే పని లేదు. మనిషిని గోల చేసే వస్తువుగా నిలబెడితే జనం దాన్ని నోరు మూయించవలసిన వస్తువుగానే చూస్తారు. రోడ్స్ ఊళ్లో పెనెలోపి బ్రెయిత్‌వెయిట్ అనే అమ్మాయి పాల్గొనే ఓటు హక్కు ఊరేగింపులో ఆర్థర్ బండి తోలే ఘట్టం ఉంది కదా, అక్కడ ఎవరికీ ఆ కోరిక పుట్టలేదు. ఆమెకు పేరు, ప్రేమ, భయం అన్నీ ఇచ్చారు.

తంగేడు

ఇంతవరకు చర్చంతా తెల్లజాతి స్త్రీల చుట్టూనే తిరిగింది. ముఠాలో టిల్లీ జాక్సన్ అనే నల్లజాతి యువతి ఉంది, గుర్తుందా? చిన్నతనంలోనే ఇంకో ముఠా ఎత్తుకుపోయిన పిల్ల. కథ ఆమెకు ఇచ్చిన ప్రధాన ఘట్టం ఆ పాత ముఠావాళ్లు మళ్లీ ఎత్తుకుపోతే ఆర్థర్, శిబిరం పనులు చూసే మిస్ గ్రిమ్‌షా వెళ్లి విడిపించడం. మిగతా సమయమంతా శిబిరంలో బట్టలు, కుట్టుపని. ఆ పని చేయడం చరిత్రకు తప్పు కాదు. పశ్చిమాన వేలాది స్త్రీలు బతికింది చాకిరేవు మీదే. నా బాధ ఆ పనిని ఆట ఒక దృశ్యంగా మాత్రమే వాడుకోవడం. ఆటగాడు చేపలు పట్టడం నేర్చుకోవడానికి ఒక ఘట్టం ఉంది. టిల్లీ బకెట్ నీళ్లు ఎక్కడినుంచి మోస్తుందో మనకు తెలియదు.

మేరీ ఫీల్డ్స్ గురించి వినండి. టెనెసీలో బానిసగా పుట్టింది. మోంటానాలో ఒక కాన్వెంటులో బండి తోలుతూ, కోళ్లు పెంచుతూ పనిచేసింది. ఒక పనివాడితో తుపాకుల దాకా వెళ్లిన గొడవ తరువాత బిషప్పు ఆమెను అక్కడినుంచి పంపించేశాడు. 1895లో, అరవై దాటిన వయసులో, కాస్కేడ్ ఊరినుంచి టపా బండి కాంట్రాక్టు సంపాదించి 1903 వరకు నడిపింది. మంచు పడి బండి కదలకపోతే సంచులు భుజాన వేసుకుని నడిచేదని చెబుతారు. అంటే ఆర్థర్ మోర్గాన్ మంచు కొండల్లో తిరుగుతున్న ఆ కాలంలోనే ఒక నల్లజాతి వృద్ధురాలు అటువంటి మంచులో ఉత్తరాలు పంచుతోంది. ఈ ఆటలో ఆ పాత్ర పెట్టడానికి చోటు లేకపోయిందా?

ఆదివాసీ స్త్రీల సంగతి ఇంకా అన్యాయం. వపిటీ రిజర్వేషన్ (ప్రభుత్వం ఆదివాసీలను ఉంచిన ప్రాంతం) కథ ఆటలో చాలా బరువైన భాగం. తండ్రి రెయిన్స్ ఫాల్, కొడుకు ఈగిల్ ఫ్లైస్ ఇద్దరూ గొప్పగా రాసిన పాత్రలు. ఆ కథను నడిపించే స్త్రీ ఒక్కరూ లేరు. 1876 జూన్ 17న రోజ్‌బడ్ యుద్ధంలో చెయెన్ తెగకు చెందిన బఫెలో కాఫ్ రోడ్ అనే యువతి గుళ్ల మధ్యలోకి గుర్రం దూకించి, గుర్రం పోయి నేల మీద చిక్కుకున్న అన్నను ఎక్కించుకుని వచ్చింది. అమెరికా పుస్తకాల్లో అది రోజ్‌బడ్ యుద్ధం. చెయెన్‌లు మాత్రం దాన్ని "చెల్లెలు అన్నను కాపాడిన పోరు" అనే అర్థం వచ్చే పేరుతో పిలుచుకుంటారు. ఎనిమిది రోజుల తరువాత అమెరికా సైన్యాధికారి కస్టర్ చనిపోయిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో కూడా ఆమె పోరాడిందని వారి సంప్రదాయం చెబుతుంది.

ఇది ఎందుకు చెప్పానంటే, ఆదివాసీ స్త్రీ ప్రముఖంగా కనిపించిన తొలి కౌబాయ్ వీడియో గేముల్లో ఒకటి 1982లో అటారీ 2600 మీద వచ్చిన కస్టర్స్ రివెంజ్. అందులో ఆటగాడు కస్టర్. గెలవడమంటే కట్టివేసిన ఆదివాసీ స్త్రీ మీద అత్యాచారం చేయడం. మహిళా సంఘాలు, ఆదివాసీ సంఘాలు న్యూయార్క్‌లో నిరసన తెలిపాయి. నిజంగా జరిగిన యుద్ధంలో అన్నను గుర్రం మీదికి లాగిన అమ్మాయిని పక్కన పెట్టి, ఆ తరువాతి యుద్ధంలో ఓడిన కస్టర్‌కు ఇటువంటి "ప్రతీకారం" ఊహించి అమ్మారు. చరిత్రకు విరుద్ధం అని గొంతు ఎత్తవలసిన చోటు ఏదైనా ఉంటే ఇదే అని నేను గట్టిగా నమ్ముతాను.

దారి లేదని కాదు. 2019లో ఎలిజబెత్ లాపెన్సే నాయకత్వంలో ఆదివాసీ రచయితలు కలిసి వెన్ రివర్స్ వర్ ట్రెయిల్స్ అనే ఆట తయారుచేశారు. 1890లలో భూమి కోల్పోయిన అనిషినాబే అనే ఆదివాసీ జాతి మనిషి మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియా దాకా వెళ్లే ప్రయాణం. గ్రాఫిక్స్ పెద్దగా లేవు, కానీ దారిలో కలిసే ప్రతి మనిషికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

రీలుబొమ్మ

నేను ఒక్క విషయమే చెబుతాను. 2010లో వచ్చిన మొదటి రెడ్ డెడ్ రిడెంప్షన్‌లో ఒక ట్రోఫీ (ఆటగాడు ఏదైనా సాధిస్తే ఆట ఇచ్చే గుర్తింపు) ఉంది. స్త్రీని తాడుతో కట్టి, రైలు పట్టాల మీద పడుకోబెట్టి, రైలు ఆమె మీదినుంచి వెళ్లడం చూస్తే అది వస్తుంది. చేసినవాళ్లను అడిగితే "పాత పశ్చిమంలో ఇది మామూలే కదా, సినిమాల్లో చూడలేదా" అంటారు. నేనూ నమ్మాను.

ఆ దృశ్యం ఎక్కడినుంచి వచ్చిందని వెతికితే పశ్చిమం కాదు, న్యూయార్క్ నాటకశాల దొరికింది. 1867లో ఆగస్టిన్ డేలీ రాసిన అండర్ ది గ్యాస్‌లైట్ అనే నాటకం పట్టాల మీద కట్టివేసే ఘట్టాన్ని జనంలోకి తెచ్చింది. అందులో పట్టాల మీద కట్టివేయబడినది స్నార్కీ, యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్న మగవాడు. పక్కన షెడ్డులో తాళం వేసి ఉన్న లారా అనే యువతి లోపల దొరికిన గొడ్డలితో తలుపు పగలగొట్టుకుని వచ్చి, రైలు చేరేలోపు అతన్ని లాగేస్తుంది. ప్రాణం దక్కిన ఆ మనిషి నోట వచ్చే మాట, ఇటువంటి స్త్రీలకా ఓటు ఇవ్వనంటున్నారు అని! ఆ నాటకాన్ని అనుకరించినవాళ్లు, వెక్కిరించినవాళ్లు చేతులు మార్చి మార్చి చివరికి స్త్రీని పట్టాల మీదికి, మగవాడిని గుర్రం మీదికి ఎక్కించారు. 143 ఏళ్ల తరువాత అదే చరిత్రలా ట్రోఫీ అయి కూర్చుంది.

మనకు కౌబాయ్ పరిచయమైంది కూడా అలాగే. 1971లో కృష్ణ, విజయనిర్మల నటించిన మోసగాళ్లకు మోసగాడు చూసిన మా నాన్నగారి తరానికి పశ్చిమమంటే ఇటాలియన్లు తీసిన సినిమాలను మనవాళ్లు చూసి తీసిన సినిమా. ఆ సినిమా మీద నాకు ప్రేమ ఉంది. కానీ ఆ టోపీని, ఆ గుర్రాన్ని చూసి అసలు వయోమింగ్ నాకు తెలుసు అని నేను అనుకోను. ఆటగాళ్లు "చరిత్ర" అన్నప్పుడు చాలాసార్లు వాళ్లకు గుర్తుకు వచ్చేది సినిమాయే.

రెండెకరాలు

పట్టాలు, ఓట్లు, తుపాకులు అయ్యాయి. భూమి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. మాది వ్యవసాయ కుటుంబం, ఏ కథ చదివినా పొలం ఎవరి పేరున ఉందన్నదే నా మొదటి ప్రశ్న.

1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారు లేదా కుటుంబ పెద్ద 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయిదేళ్లు అక్కడ నివసించి, ఇల్లు కట్టి, సాగు చేసినట్టు సాక్షులతో రుజువు చేస్తే పట్టా వస్తుంది. చట్టంలో పురుషుడు అని లేదు. పెళ్లికాని స్త్రీ, వితంతువు, విడాకులు తీసుకున్న స్త్రీ సొంత పేరున భూమి తీసుకోవచ్చు. భర్తతో ఉన్న భార్యకు మాత్రం ఆ అవకాశం లేదు. డకోటాలు, కొలరాడో, వయోమింగ్ ప్రాంతాల్లో కొన్ని చోట్ల దరఖాస్తు పెట్టిన పదిమందిలో ఒకరు స్త్రీ. డెన్వర్‌లో బట్టలు ఉతికి బతికిన ఎలినోర్ ప్రూయిట్ అనే స్త్రీ చిన్న కూతురిని తీసుకుని వయోమింగ్ వెళ్లి 1909లో తన పేరున భూమికి దరఖాస్తు పెట్టుకుంది. ఆ భూమి అంతకుముందు ఆదివాసీలది అన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. తంగేడు గారు రాసినది చదివాక అది వదిలేసి ముందుకు వెళ్లలేను.

ఇప్పుడు సేడీని మళ్లీ చూడండి. ఆమె, భర్త కలిసి కొండల్లో ఇల్లు కట్టుకుని పొలం చేసుకున్నారు. పనంతా ఇద్దరూ సమానంగా పంచుకున్నామని ఆర్థర్‌తో చెబుతుంది. అది ప్రభుత్వ భూమి మీద పెట్టిన దరఖాస్తు అయి ఉంటే, భర్త చనిపోయాక ఆ హక్కు చట్టప్రకారం ఆమెకే వస్తుంది. మిగిలిన గడువు పూర్తిచేసి ఆమె తన పేరున పట్టా తీసుకోవచ్చు. కథ ఆ మాటే ఎత్తదు. ఇల్లు తగలబడింది కాబట్టి తుపాకీ పట్టింది, అంతే. విల్లర్డ్స్ రెస్ట్ దగ్గర షార్లెట్ బాల్ఫర్ అనే వితంతువుకు ఆర్థర్ వేట నేర్పే చిన్న కథ ఉంది కదా, నాకు అదే ఎక్కువ నచ్చింది. నగరంనుంచి వచ్చి, భర్త పోయి, ఆకలితో పడి ఉన్న స్త్రీ వెనక్కి వెళ్లిపోకుండా అక్కడే నిలబడుతుంది. ఆటలో అది దారిలో తగిలితే తగిలే ఉపకథ. చాలామంది దాన్ని చూడకుండానే ఆట ముగిస్తారు.

కోటగుమ్మం గారు మొదట అన్నదానికి నా సమాధానం ఇది. సేడీ తుపాకీ పట్టడంలో తప్పు లేదు. తుపాకీ ఒక్కటే ఆమెకు మిగిలినట్టు చూపించడం దగ్గర ఆట చరిత్రను తప్పింది.

కోటగుమ్మం

రెండెకరాలు గారూ, ఈ మాట నేను అంగీకరిస్తాను. ఒక్క అనుమానం మాత్రం ఉంది. దరఖాస్తులు, సాక్షులు, కాలువల పన్నుతో ఆట ఎలా ఆడిస్తారు? తుపాకీ పేల్చే బటన్ ఉన్నంత కాలం పాత్రలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయేమో.

వేపచెట్టు

ఈ ఆటలోనే గుర్రానికి మేత పెట్టి, ఒళ్లు తోమి, బురద కడిగి గంటలు గడిపాం కదండీ. ఆర్థర్ గడ్డం పెరగడానికి కూడా లెక్క ఉంది. ఇంత ఓపిక ఆటగాళ్లకు ఉందని తెలిసినవాళ్లు, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు సేకరించే పనిని కూడా ఆసక్తిగా మలచగలరు. పెనెలోపి ఊరేగింపు ఘట్టంలో అది ఒకసారి చేసి చూపించారు కూడా. బండి తోలడం, వెనకనుంచి పాటలు, రోడ్డు పక్కన మగవాళ్ల కేకలు, అంతే. నేను ఊపిరి బిగబట్టి తోలాను.

నీలిమేఘం

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవన్నీ మా తమ్ముడికి చదివి వినిపించాను. నిన్న సాయంత్రం పాత సేవ్ తెరిచి ఇద్దరం మళ్లీ చెరువు గట్టునున్న క్లెమెన్స్ పాయింట్ శిబిరానికి వెళ్లాం. ఈసారి ఆర్థర్‌ను ఎక్కడికీ పంపకుండా టిల్లీ దగ్గర, మేరీ-బెత్ దగ్గర నిలబెట్టి చాలాసేపు వాళ్ల మాటలు విన్నాం. కుట్టుకుంటూ వాళ్లు మాట్లాడుకునేవి నేను మొదటిసారి సగం కూడా వినలేదని తెలిసింది. తరువాత సెయింట్ డెనిస్ వెళ్లి ఆ వీధిలోని స్త్రీ ముందు గుర్రం దిగాం. ఆమె చెప్పేదంతా మొదటినుంచి చివరిదాకా విన్నాం. తమ్ముడు పలకరించే బటన్ నొక్కితే ఆర్థర్ పలకరించాడు.

మా తమ్ముడి స్నేహితుడు ఆదివారం వస్తానన్నాడు. పెర్ల్ హార్ట్, 1899 మే 30, గ్లోబ్ నుంచి ఫ్లోరెన్స్ దారి అని ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. దాని కింద న్యూ ఆర్లీన్స్ కాలువల ఓటు కూడా రాశాను. ఎడారిగాలి గారూ, మీరు ఎప్పుడైనా మళ్లీ యూమా వెళితే ఆ 29 మంది స్త్రీలలో మిగతావారి పేర్లు అక్కడ ఎక్కడైనా రాసి ఉన్నాయేమో చూసి చెప్పగలరా?

ఎడారిగాలి

తప్పకుండా. చలికాలంలో వెళతాం. మా అమ్మాయికి అప్పగిస్తాను, పేర్లు రాసుకోవడానికి ఒక పుస్తకం ఇప్పుడే పక్కన పెట్టింది.